డిస్కులో రెండో సౌండు

మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ రిమోట్ మీద ఒక్క బటన్‌కే అచ్చు అరిగిపోయింది. దాని మీద ఆడియో అని ఇంగ్లీషులో రాసి ఉండేదట. నాకు అక్షరాలు రావు. సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు మీద బందరు, పెడన అని ఉంటే ఆ ఆకారాలు గుర్తుపట్టడం వచ్చు, అంకెలు వచ్చు. ఆ బటన్ నొక్కితే టీవీ మూలన ఒకటి, గీత, రెండు అని పడేది. మళ్ళీ నొక్కితే రెండు, గీత, రెండు. ఒకటో దాంట్లో పాటలు. రెండో దాంట్లో మేము.

నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. ఆ డిస్కు వాళ్ళ పెళ్ళిదే. ఎక్కడన్నా తన సంగతి వస్తే సిగ్గుపడి కొట్టెయ్యొద్దని ముందే చెప్పాను.

మా ఇల్లు బందరు శివారులో, గిలకలదిండి రేవుకి దగ్గర. నేను పుట్టింది దివిసీమలో. మా ఆయన చాలా ఏళ్ళు పడవ మీద వేటకు వెళ్ళాడు. మోకాళ్ళు పట్టు తప్పాక బంటుమిల్లి వైపు ఒక రొయ్యల చెరువుకి కాపలా కుదిరాడు. నేను పొద్దున్నే రేవులో చేపలు కొనుక్కుని పెడన వీధుల్లో తిరిగి అమ్మేదాన్ని. పెడనలో ఇంటింటా మగ్గాలు. ఆ చప్పుడు దాటి లోపలికి వినబడాలంటే మామూలు కేక చాలదు. అలా అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. రంపంతో చెక్క కోస్తున్నట్టు ఉంటుందని మా ఆడపడుచు అంటుంది. అబద్ధం కాదు.

మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఇంట్లో అయితే "ఏమే", నలుగురిలో అయితే "ఇదిగో". నేను "ఏమయ్యా" అనేదాన్ని. మా వైపు అంతే. వీధిలో వాళ్ళకి నేను వదినను, పిన్నిని, అత్తను. పెడనలో చేపలామెను. నన్ను పేరుతో పిలిచింది మా అమ్మ ఒక్కతే. ఆవిడ పోయాక నాకు ఒక పేరుందన్న సంగతి ఓట్లు వేసే రోజున మాత్రమే గుర్తొచ్చేది.

పెళ్ళి చేసుకుని కొత్త దంపతులు ఇంటికొస్తే గుమ్మంలో ఆడపడుచు అడ్డంగా నిలబడుతుంది. ఒకరి పేరు ఒకరు చెప్పేదాకా లోపలికి రానివ్వదు. బతుకంతా చెప్పరు కాబట్టి ఆ ఒక్కసారి చెప్పించడం ఒక ముచ్చట. మా పెళ్ళికి అది జరగలేదు. నన్ను దివిసీమ నుంచి తీసుకొచ్చిన రోజు గాలివాన. ముందు గుమ్మం మీద తాటాకు పందిరి కూలిపడి ఉంది. ఇద్దరం తడిసి ముద్దయి పెరటి వైపు నుంచి దూరాం. ఎవరి బట్టలు వాళ్ళు పిండుకునే తొందరలో పేర్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మా ఆడపడుచు అప్పటికి చిన్నపిల్ల. అడ్డం నిలబడే ముచ్చట తీరలేదని ఆ రోజంతా అన్నం తినకుండా ఏడ్చిందట.

మా అబ్బాయి పెళ్ళి గుడివాడలో జరిగింది. పెళ్ళికూతురు వాళ్ళది ఆ ఊరే. వీడియో వాళ్ళను కూడా వాళ్ళే మాట్లాడారు. పెళ్ళయ్యాక వ్యానులో మాతోపాటు వీడియో అబ్బాయి కూడా ఇంటిదాకా వచ్చాడు. గుమ్మంలో మా అమ్మాయి అడ్డం నిలబడి అన్నచేత, వదినచేత పేర్లు చెప్పించింది. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళాక మేము గుమ్మం ఎక్కబోతుంటే మా ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడికి అన్నయ్యా? ఆగు."

"ఏంటే?"

"మీ పెళ్ళినాడు దొంగల్లాగా పెరటి వైపు నుంచి దూరిపోయారు. పేరు చెప్పకుండానే కాపురం చేసేశావు. ఇయ్యాల చెప్పాల్సిందే."

"ఎవరి పేరు?"

"నీ పెళ్ళాం పేరు."

"మర్చిపోయానే."

అందరూ నవ్వారు. మా ఆడపడుచు కదల్లేదు. "మర్చిపోతే ఇక్కడే నిలబడు. గుర్తొచ్చాక అన్నం పెడతాం" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. పడవ మీద నుంచి ఒడ్డున ఉన్నవాళ్ళని పిలిచేటప్పుడు ఎలా సవరించుకుంటాడో అలా. "నేనూ..." అని నా పేరు చెప్పి, "వచ్చాం. దారి వదలవే. పొద్దుటి నుంచీ నిలబడే ఉంది, దానికి కాళ్ళు నొప్పులు" అన్నాడు.

అంత గోలలోనూ నాకు ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. నా కాళ్ళు నొప్పి పెడుతున్నాయని నేను ఎవరితోనూ అనలేదు. ఆయన ఎప్పుడు చూశాడో మరి.

"ఇప్పుడు నువ్వు వదినా" అంది మా ఆడపడుచు.

"మీ అన్నయ్యని నా చేపల బుట్ట మోసుకుని పెడన దాకా రమ్మను, అప్పుడు చెప్తాను" అని ఆమె చెయ్యి తోసేసి లోపలికి వెళ్ళిపోయాను. నేను చెప్పలేదు. అందరూ నవ్వారు, ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

కొన్నాళ్ళకి డిస్కు వచ్చింది. కొత్త ప్లేయర్ కొని పెట్టుకుని చూశాం. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే. పంతులుగారి నోరు ఆడుతుంది, పాట వస్తుంది. మా వియ్యంకుడు ఎవరినో కోప్పడుతున్నాడు, పాట వస్తుంది. మా ఆయన అలా చూస్తూ చూస్తూ, "పిలిచిన వాళ్ళందరినీ మూగవాళ్ళను చేశాడే" అన్నాడు. ఆయనకు మాటలంటే ప్రాణం. పడవ మీద ఇంజను మోతలో అన్నేళ్ళు చేతి సైగలతో బతికాడు. చెరువు దగ్గర కూడా మాట్లాడే మనిషి లేడు, నీళ్ళు చిమ్మే మిషన్ల మోత తప్ప. అందుకని గుడివాడ వెళ్ళి అడుగుదాం పద అన్నాడు. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం.

"మా మాటలేవయ్యా?" అని అడిగాడు స్టూడియో అతన్ని.

"మాటలెందుకు బాబాయ్? గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపులు, మైకు గోల. ఎవరన్నా పాటలే అడుగుతారు."

"గిన్నెలు కూడా మావే గదా."

స్టూడియో అతను నవ్వి, పాటలు వెయ్యక ముందరిది కంప్యూటర్లో కొంచెం పెట్టాడు. ముందుగా వచ్చింది నా గొంతే. పందిట్లో ఎవరినో, "ఆ చివర బంతికి సాంబారు రాలేదు, కళ్ళు కనబడట్లేదా" అని అరుస్తున్నాను. నా గొంతు అలా బయట నుంచి నేను అంతకుముందు వినలేదు. ఆ గదిలో ఇంకెవరో పెళ్ళివాళ్ళు కూడా కూర్చుని ఉన్నారు. "పిన్నీ, నీకు మైకు అక్కర్లేదు" అన్నాడు స్టూడియో అతను. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మా ఆయన నా వైపు తిరిగి, "నీకేది కావాలే?" అన్నాడు.

"పాటలే బాగున్నాయి" అన్నాను. ఆ కంప్యూటరు నోరు మూయించాలని అన్నాను.

ఆయన తల ఊపాడు. మనసులో పెట్టుకున్నాడన్నమాట. నాకు తెలియలేదు.

చివరికి స్టూడియో అతనే దారి చెప్పాడు. "డిస్కులో రెండు సౌండ్లు పెట్టొచ్చు బాబాయ్. ఒకదాంట్లో పాటలు, రెండోదాంట్లో మీ గిన్నెలు. రిమోట్‌లో ఈ బటన్ నొక్కితే మారుద్ది. ఎవరికి కావాల్సింది వాళ్ళు వినండి, కొట్టుకోవద్దు."

అలా వచ్చింది ఆ రెండో సౌండు.

పెడన నుంచి నేను మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేదాన్ని. కొడుకు రొయ్యల మేత కంపెనీ లారీ మీద పనికి వెళ్ళేవాడు, కోడలు పక్కింట్లో కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళేది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఒంటి మీద చేపల వాసన పోకముందే డిస్కు పెట్టేదాన్ని. పెళ్ళి ఎక్కడ ముగుస్తుందో, వ్యాను దిగడం ఎక్కడ వస్తుందో తెలుసు, అక్కడికి పరిగెత్తించేదాన్ని. బటన్ నొక్కేదాన్ని. రెండు, గీత, రెండు. నా కేకలు వచ్చినా పట్టించుకునేదాన్ని కాదు. గుమ్మం వచ్చేదాకా ఆగేదాన్ని. "నేనూ..." అంటాడు. నా పేరు అంటాడు. నా పేరులో మధ్య అక్షరాన్ని మా అమ్మ సాగదీసేది. ఆయన సాగదీయలేదు, నలగ్గొట్టినట్టు పొట్టిగా అన్నాడు. అలా కూడా అనొచ్చని నాకు తెలియదు.

మళ్ళీ వెనక్కి తిప్పేదాన్ని.

చెరువు కాపలా నుంచి ఆయన సైకిల్ మీద వచ్చేవాడు. వీధి మొదట్లో ఆ సైకిల్ గొలుసు చప్పుడు వినగానే బటన్ నొక్కేసేదాన్ని. ఆయన లోపలికి వచ్చేసరికి పాటలు వస్తుండేవి.

"మళ్ళీ పాటలేనా?" అనేవాడు.

"ఆ. నాకిష్టం" అనేదాన్ని.

ఎందుకలా చేశానంటే ఏం చెప్పను? కొడుక్కి పెళ్ళి చేసినదాన్ని, మొగుడు పేరు పిలిస్తే కూర్చుని వింటున్నానని తెలిస్తే ఆయన ఊరుకునే మనిషి కాదు. రేవు దాకా వెళ్ళి మరీ చెప్పి నవ్విస్తాడు. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. ఒక్కసారి ఆ బటన్ నొక్కకుండా ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆయన వచ్చి చూసేవాడు, నవ్వేవాడు, కొన్నాళ్ళు ఏడిపించేవాడు, అంతే.

మా సముద్రపు గాలికి డిస్కు చెడటం మొదలుపెట్టింది. ఉప్పు తేమకి మచ్చలు పడ్డాయి, నేను పదేపదే తీసి పెట్టడం వల్ల గీతలు పడ్డాయి. గుమ్మం దగ్గరకొచ్చేసరికి బొమ్మ ఆగి, గళ్ళు గళ్ళుగా విడిపోయేది. బందరులో ఒక షాపతను డిస్కుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి చిన్న ఫైళ్ళు చేసి ఇస్తున్నాడని, పది పెళ్ళిళ్ళు ఒకే డిస్కులో పడతాయని మా ఆయన విన్నాడు. నాకు చెప్పకుండా తీసుకెళ్ళాడు. సాయంత్రం కొత్త డిస్కు తెచ్చి పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇక ఆగదు చూడు. మన అబ్బాయి పెళ్ళి, నా చెల్లెలి కూతురి పెళ్ళి, పక్కింటోళ్ళ గృహప్రవేశం, అన్నీ ఇందులోనే. ఎండు చేపలాంటిదట. నీరు తీసేస్తే బరువు తగ్గుద్ది, చేప అదే."

ఆయన స్నానానికి వెళ్ళగానే బటన్ నొక్కాను. తెర మూల ఒకటి, గీత, ఒకటి అని పడింది. మళ్ళీ నొక్కాను. ఒకటి, గీత, ఒకటి. గుమ్మం బొమ్మ ఆగకుండా నడిచిపోతోంది, ఆయన నోరు ఆడుతోంది, ఎవరో సినిమా ఆమె సన్నని గొంతుతో పాడుతోంది. చేపను ఎండబెట్టే ముందు లోపలిదంతా తీసి పారేస్తామని ఆయనకు నేను చెప్పాలా?

అన్నం పెడుతూ, ఏమీ ఎరగనట్టు, "ఆ మాటల సౌండేమైంది?" అన్నాను.

"ఒకటే ఉంచాలన్నాడు. నీకు పాటలిష్టం గదా, పాటలే ఉంచమన్నాను."

"పాత డిస్కు?"

"చెరువు మీద కట్టాను. కొంగలు దిగుతున్నాయి, తళతళలాడితే బెదురుతాయి."

మా వైపు చెరువుల మీద తాళ్ళు కట్టి చెడిపోయిన డిస్కులు వేలాడదీస్తారు. గాలికి తిరుగుతూ ఎండను విసిరికొడతాయి, పిట్టలు రొయ్యల జోలికి రావు. అప్పటికి అది ఒక్కరోజు కూడా తాడు మీద ఉండలేదు. తీసుకురా అంటే తెచ్చేవాడు. ఎందుకే అని అడిగేవాడు. ఆ ఎందుకుకి జవాబు చెప్పలేక, "మంచి పని చేశావు" అన్నాను. మనిషి ఎదురుగా కూర్చుని పులుసు కలుపుకుంటున్నాడు, గొంతు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఆ వచ్చే ఏడు వానలు మొదలవకముందే ఆయన పోయాడు. చెరువు గట్టు మీదే గుండె ఆగింది. ఆస్పత్రిదాకా కూడా వెళ్ళలేదు.

కార్యక్రమాలన్నీ అయిపోయాక నేను మా అబ్బాయిని వెంటబెట్టుకుని ఆ చెరువుకి వెళ్ళాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు. తాడు మీద వరసగా డిస్కులు తిరుగుతున్నాయి. దించి చూస్తే దేని మీదా రాత లేదు. ఎండకీ వానకీ వెండి పొర రేకులు రేకులుగా లేచిపోయింది. ఒకదాన్ని కంటి ముందు పెట్టుకుంటే అవతల చెరువు కనబడుతోంది. మొత్తం విప్పి సంచీలో వేసుకుని బందరులో ఆ షాపుకి వెళ్ళాం.

షాపతను ముస్లిం పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఒక్కొక్కటీ తుడిచి, పెట్టి చూశాడు. ఒకటీ చదవలేదు మిషను. "లోపల ఏమీ మిగల్లేదమ్మా, గాజుముక్కలే" అన్నాడు.

"ఆ రోజు మా ఆయన తెచ్చిన పెళ్ళి డిస్కులో రెండో సౌండు ఎందుకు తీసేశారు బాబూ?" అని అడిగాను. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవాలని.

"తీసెయ్యలేదమ్మా, ఎక్కించలేదు. ఫైలు చేసేటప్పుడు సౌండ్లు ఎన్ని ఉంటే అన్నీ చూపిస్తుంది. ఏది కావాలో మనం టిక్కు పెట్టాలి, పెట్టకపోతే మొదటిదే తీసుకుంటుంది. చాలామంది అడగరు. నేను అడిగాను. రెండూ పెట్టొచ్చు, కానీ సైజు పెరుగుతుంది, మీ ఇంట్లో ప్లేయరు అలాంటి ఫైల్లో మొదటిదే పలుకుతుంది, రెండోది ఉన్నా లేనట్టే అన్నాను. అప్పుడు ఆయన రెండోది ఒకసారి వినిపించమన్నాడు."

"విన్నాడా?"

"విన్నాడు. గుమ్మం దగ్గర ఏదో ఉందే, అది. రెండుసార్లు పెట్టించుకుని నవ్వాడు. ఇదే ఉంచమంటారా అంటే, 'నాకైతే ఇదే. కానీ ఇంట్లో చూసేది మా ఆవిడ. తనకు పాటలు కావాలి' అన్నాడమ్మా."

నేను బల్ల మీది డిస్కుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చాను. మా అబ్బాయి సంచీ మడత పెడుతున్నాడు.

గుడివాడ కూడా వెళ్ళాం. స్టూడియో అతను మమ్మల్ని గుర్తుపట్టి కుర్చీ వేశాడు. వీడియో తీసిన క్యాసెట్లు దాచరట. ఒక పెళ్ళి అయ్యాక దాని మీదే ఇంకో పెళ్ళి తీస్తారట. మా మాటల మీద ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో తనకే తెలియదన్నాడు. కంప్యూటరు కూడా మార్చేశాడు. పాపం, "తెలిసుంటే దాచేవాణ్ణి పిన్నీ" అన్నాడు. తెలియడానికి నేను ఎవరికైనా చెప్పి ఉంటే గదా.

ఆయన అన్న మాటలు నాకు గుర్తున్నాయి. ఒక్కటీ మర్చిపోలేదు. పైన చెప్పినవి అవే. గొంతే పలచబడుతోంది. మొదట్లో కళ్ళు మూసుకుంటే వచ్చేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నా పేరు నా గొంతుతోనే వినబడుతోంది, రంపం పెట్టినట్టు. మా ఆడపడుచును పిలిచి ఎలా అన్నాడో ఒకసారి అనవే అని అడిగాను. ఆమె అన్నలాగే గొంతు సవరించుకుని అంది. బాగానే అంది. కానీ మధ్య అక్షరం సాగదీసింది.

నిన్న మధ్యాహ్నం కోడలు, నేను ఆ డిస్కు పెట్టుకున్నాం, ఇది రాయడానికి ముందు ఒకసారి చూద్దామని. వ్యాను దగ్గరకి రాగానే టీవీ సౌండు పూర్తిగా తగ్గించెయ్యమన్నాను. పాట పోయింది. ఇంట్లో ఫ్యాను చప్పుడు మిగిలింది. మా ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. గొంతు సవరించుకున్నాడు. పెదాలు పొట్టిగా కదిలాయి. చివరన నా కాళ్ళ వైపు చూశాడు. ఇన్నిసార్లు చూశాను, ఆ చూపు మాత్రం నేను ఇంతకుముందు గమనించలేదు. వినడం మీదే ఉండేది ధ్యాస.

తర్వాత మా ఆడపడుచు నా వైపు తిరిగింది. టీవీలో ఉన్న నేను ఆమెను తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. మంచం మీద కూర్చున్న నేను ఆయన పేరు చెప్పాను. పైకే చెప్పాను. మొదటిసారి సగంలో తెగిపోయింది, మళ్ళీ చెప్పాను.

కోడలు లేచి టీవీ కట్టేసింది. ఇవాళ రాస్తూ ఇక్కడికి వచ్చాక అడిగింది. "ఇది కూడా రాయనా అత్తయ్యా?"

"చెప్పానని రాయి. పేరు రాయకు" అన్నాను.